పాత సెల్లు జమ చేస్తేనే

మా ఆఫీసు స్టోర్సులో పాత బ్యాటరీ సెల్లులు పదకొండు వేల నాలుగు వందల పన్నెండు ఉండేవి. వాటిలో వెలిగేది ఒక్కటీ లేదు. అయినా ఒక్కటంటే ఒక్కటి పోలేదు. ఆ ఘనత నాది, నాకు ముందు ఆ కుర్చీలో కూర్చున్న ముగ్గురు మహానుభావులది.

నవ్వేవాళ్ళు నవ్వండి. మీ ఇళ్ళల్లో పాత తాళంచెవులు ఎన్ని ఉన్నాయో, వాటికి తాళాలు ఎన్ని ఉన్నాయో చూసుకుని మరీ నవ్వండి.

నా పేరు హైమావతి. నందిగుంట లాకుల దగ్గర కాలవల శాఖ డివిజను ఆఫీసులో స్టోర్సు గుమాస్తాని. నేను చెప్పే రోజులకి చేతిఫోన్లు ఇంకా రాలేదు. సెల్లు అంటే టార్చిలైట్లో వేసుకునేదే. కాలవ గట్ల మీద తిరిగే లస్కర్లకి తలా ఒక సర్కారు టార్చి, అందులోకి మూడు లావు సెల్లులు ఇవ్వడం నా ఉద్యోగం. గట్టుకి ఎండ్రకాయ బొక్క పెట్టినా, పందికొక్కు బొరియ తవ్వినా, ఎక్కడైనా చెమ్మ ఊరినా ముందు చూడాల్సినవాడు లస్కరు. చూడాలంటే వెలుతురు కావాలి. ఇంతవరకు మా శాఖ కూడా ఒప్పుకుంటుంది.

ఆ పైన రూలు మొదలవుతుంది. పాత సెల్లులు జమ చేసినవారికే కొత్త సెల్లులు. ఏ దొర రాసిపోయాడో గానీ మంచి రూలే. లేకపోతే సర్కారు సెల్లులు లస్కర్ల ఇళ్ళల్లో రేడియోల్లో పడి పాటలు పాడతాయి. జమ అయిన పాత సెల్లుల్ని మాత్రం పారెయ్యకూడదు. అవి పనికిరానివని ముగ్గురు సభ్యుల కమిటీ వచ్చి, చూసి, సంతకాలు పెట్టాలి. మూడో సభ్యుడు కరెంటు సంగతి తెలిసినవాడై ఉండాలి. మాది నీళ్ళ శాఖ. కరెంటు తెలిసినాయన పోస్టు నేను పుట్టకముందే ఖాళీ అయింది. ఇప్పటికీ ఖాళీయే.

అందుకని దాచాం. అట్ట చుట్టినవి, రేకు తొడిగినవి, సీసా అంత పొడుగున నెత్తి మీద రెండు మరలతో పాత టెలిఫోను సెల్లులు, వరద కబుర్ల రేడియోలోంచి తీసిన పలక బ్యాటరీలు, గోడ గడియారాల సన్న సెల్లులు. ఏనుగు మార్కు, జంట చిలకల మార్కు. ఆ కంపెనీలు ఎప్పుడో మూతపడ్డాయి. వాటి ఏనుగులు, చిలకలు మాత్రం మా అలమరాల్లో ఉన్నాయి. కొన్ని జిగురు కారి ఒకదానికొకటి అతుక్కుపోతే, విడదియ్యకుండా 'జంట' అని చీటీ అంటించి, రెండుగానే లెక్క పెట్టేదాన్ని. "నీ పెళ్ళి చీర ఎక్కడుందో నీకు తెలీదు గానీ, అరవై రెండో సంవత్సరం ఏనుగు సెల్లు ఏ అరలో ఉందో తెలుసు" అని మా ఆయన దెప్పేవారు. అబద్ధమేం కాదు. అది నాలుగో అరలో ఉంది.

ఆ ఏడు జూన్‌లో, కాలవకి నీళ్ళు వదలడానికి వారం ముందు, ఇర్మియా వచ్చాడు. ఏడో మైలు లస్కరు. నల్లగా, సన్నగా, ఎప్పుడూ గట్టు వంకే చూస్తున్నట్టు ఒక కన్ను చికిలించి ఉంటాడు.

"అమ్మగారండి, మూడు సెల్లులు ఇప్పించాలండి."

"పాతవి?"

"ఆటి సంగతే మాటాడదామని వచ్చానండి" అంటూ భుజం మీది తుండుగుడ్డ చేతిలోకి తీసుకున్నాడు. ఇర్మియా తుండుగుడ్డ చేతిలోకి వచ్చిందంటే వెనక కథ ఉందన్నమాట.

కథ ఇది. సెల్లులు నీరసపడితే లోకమంతా చేసే పనే ఇర్మియా చేశాడు, డాబా మీద ఎండలో పెట్టాడు. రెండు రోజులు ఎండితే నాలుగు రోజులు వెలుగుతాయి. ఈలోగా వాళ్ళ ఊరి బళ్ళో నల్లబల్ల రంగు పోయి తెల్లబడింది. పాత సెల్లు పగలగొట్టి, లోపలి నల్లపొడిలో దొండాకు పసరు కలిపి పూస్తే బల్ల మళ్ళీ నల్లగా వస్తుందని ఆ చుట్టుపక్కల పంతుళ్ళందరికీ తెలుసు. పంతులమ్మ గారు వచ్చి అడిగారు. ఇర్మియా పెళ్ళాం డాబా ఎక్కి మూడూ ఇచ్చేసింది.

"రేకులున్నాయా పోనీ?"

"రేకులేసి పిల్లలు ఐసుఫ్రూటు కొనుక్కున్నారండి."

"లోపలి బొగ్గు కడ్డీలు?"

"ఆటితోటి గోడల మీద అ ఆ లు రాసేసారండి." తుండుగుడ్డ మడిచి, "బల్ల మాత్రం నిగనిగలాడతందండి" అన్నాడు, అదేదో నాకు ఊరటగా ఉంటుందన్నట్టు.

నేను తల అడ్డంగా తిప్పాను. పాతవి లేవు, కొత్తవి లేవు.

"ఏడో మైలు కాడ గట్టు గుల్లగా ఉందండి. నీళ్ళొచ్చాక పొద్దుగూకితే ఏటీ కనపడదండి."

సొంత డబ్బుతో కొనుక్కోమని చెప్పేదాన్నే. పోయినేడు అలాగే కొనుక్కుంటే 'ప్రభుత్వ టార్చియందు అనధికార విద్యుత్తు ప్రవహింపజేసినందుకు' అతనికి మెమో ఇచ్చారు. టైపు చేసింది నేనే. అందుకని నోరు మూసుకుని, అతన్ని ఈఈ గారి గదిలోకి తీసుకెళ్ళాను.

మా ఈఈ, అంటే ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు, చిదంబరరావు గారు మంచివారు. చీమకి కూడా అపకారం చెయ్యరు, ఉపకారం చెయ్యడానికి చీమ దరఖాస్తు పెట్టుకోవాలి. అంతా విని, కళ్ళు మూసుకుని, "హైమావతి గారూ, రూలుకు ప్రాణము ఉండదు. కనుక జాలియు ఉండదు. మనకును ఉండరాదు" అన్నారు. అని, వెంటనే జాలిపడి, ఫైలు మీద ఇలా రాశారు: 'సదరు సెల్లులు ప్రస్తుతము ఏ రూపమున ఉన్నవో, ఆ రూపముననే జమ చేయించుకొనదగును.'

మర్నాడు ఇర్మియా సైకిలు వెనక నల్లబల్ల కట్టుకుని వచ్చాడు.

పంతులమ్మ గారు సాయంత్రానికి తిరిగి పంపెయ్యమన్నారట. బల్ల మీద ఆ రోజు పాఠం అలాగే ఉంది. పైన హాజరు ముప్ఫై ఒకటి. మధ్యలో గుండ్రటి అక్షరాలతో నేటి సూక్తి: ఆలస్యం అమృతం విషం. అందుకున్న వస్తువును అందుకున్న స్థితిలోనే ఉంచాలి కాబట్టి తుడవనివ్వకుండా లోపల పెట్టించాను.

ఈఈ గారు వచ్చి చూశారు. "మూడు ఏవి?"

"ఇదేనండి" అన్నాడు ఇర్మియా.

"ఇది ఒకటి కదా."

"మూడు కలిపే పూసారండి."

"పూతను నేను కాదనుట లేదు. సంఖ్యను అడుగుచున్నాను. జమ కావలసినవి మూడు. జమ అయినది ఒకటి. మిగిలిన రెంటి సంగతి పై ఆఫీసు తేల్చవలెను."

ఆ సాయంత్రమే పై ఆఫీసుకి ఉత్తరం వెళ్ళింది: 'నల్లబల్లగా రూపాంతరము చెందిన సెల్లులను ఒకటిగా పరిగణించవలెనా, మూడుగానా?' ఇర్మియా ఖాళీ టార్చీతో గట్టుకి, బల్ల లేని పంతులమ్మ గారు ఇసకలో అక్షరాలకి వెళ్ళిపోయారు. కాలవకి నీళ్ళు వదిలారు.

నెల్లాళ్ళకి జవాబు వచ్చింది. అందులో జవాబు లేదు, ఒక ప్రశ్న ఉంది. మీ వద్ద పాత సెల్లులు మొత్తము ఎన్ని కలవు? నేను ఉన్నదున్నట్టు పదకొండు వేల నాలుగు వందల పన్నెండు అని రాసి, చివర 'మరియు నల్లబల్ల ఒకటి' అని చేర్చాను. ఆ అంకె పైన ఏ బల్ల మీద పడిందో గానీ, అప్పుడే రాజధానిలో ప్రతి శాఖా తన పాతసామాను వెతికి వారసత్వ ప్రదర్శనశాల పెట్టాలని కొత్త మోజు పుట్టింది. రోడ్ల వాళ్ళకి దొరల కాలం నాటి రోలరు దొరికింది. అడవుల వాళ్ళకి పులి చర్మం దొరికింది. మా శాఖకి ఏమీ దొరక్క తలలు పట్టుకున్న వేళ నా ఉత్తరం వెళ్ళింది.

వారం తిరక్కుండా జీపు వచ్చింది. అందులోంచి వారసత్వ విశేషాధికారి డాక్టరు ఫల్గుణమూర్తి గారు దిగారు. మోకాళ్ళ దాకా జుబ్బా, మెళ్ళో తాడుకి వేలాడే కళ్ళజోడు. స్టోర్సు తలుపు తీయగానే గుమ్మం దగ్గర చెప్పులు విడిచారు.

"ఎంతమంది చేశారమ్మా ఈ సేకరణ?"

"నలుగురం సార్. రూలు ప్రకారం."

"రూలు కాదమ్మా, దార్శనికత" అన్నారు. అరవై రెండో సంవత్సరం ఏనుగు సెల్లు తీసి వాసన చూశారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. అది కారిన జిగురు ఘాటు, నాకూ తిరుగుతాయి. "ఇది శక్తి నిద్రిస్తున్న గర్భగుడి. ఇక్కడ బూజు దులపకండి." తర్వాత నల్లబల్ల ముందు నిలబడి చాలాసేపు చూశారు. "ఈ శాసనం ఏ కాలం నాటిది?"

"జూన్ ఇరవయ్యో తారీకుదండి" అన్నాను.

పాపం ఇర్మియా ఆ రోజూ వచ్చి వరండాలో నిలబడ్డాడు. ఫల్గుణమూర్తి గారు అతని చెయ్యి పట్టుకుని ఊపి, "ఈ మహత్కార్యానికి బీజం వేసినవాడివి నువ్వేనటగా" అన్నారు. "ఆయ్, మూడు సెల్లులండి" అన్నాడు ఇర్మియా. ఆయన అది వినయం అనుకున్నారు.

డివిజను ఆఫీసు హాలు ప్రదర్శనశాల అయింది. బల్లలు, కుర్చీలు, మేము వరండాలోకి మారాం. అంతా సజావుగా సాగుతుండగా వారసత్వ ప్రదర్శనల నియమావళిలో పద్నాలుగో నియమం బయటపడింది: ప్రదర్శనలో ఉంచే ప్రతి వస్తువూ పనిచేసే స్థితిలో ఉండాలి. రోడ్డు రోలరుని దృష్టిలో పెట్టుకుని రాసిన నియమమట. నియమం నియమమే. చిన్న బల్బు, రెండు తీగలు తీసుకుని సెల్లు తర్వాత సెల్లు మూడు రోజులు పరీక్ష చేశాం. పదకొండు వేల నాలుగు వందల పన్నెండుకీ బల్బు వెలగలేదు. నల్లబల్లకి తీగలు ఎక్కడ పెట్టాలో తెలియక వదిలేశాం.

ఫల్గుణమూర్తి గారు డీలాపడిపోయారు. అప్పుడు చిదంబరరావు గారు గొంతు సవరించుకుని, తన ముప్ఫై ఏళ్ళ సర్వీసులో మొదటిసారి మామూలు తెలుగులో మాట్లాడారు.

"మా అమ్మ ఎండలో పెట్టేదండి."

ఫల్గుణమూర్తి గారు కళ్ళజోడు పెట్టుకుని మరీ ఆయన్ని చూశారు. మర్నాటికి దానికి 'సౌర పునరుజ్జీవన కార్యక్రమము' అని పేరు, ఒక ఫైలు, ఒక రబ్బరు స్టాంపు వచ్చేశాయి.

ఆఫీసు డాబా మీద సుద్దతో గళ్ళు గీశారు. గడికి నూరు సెల్లులు. పొద్దున్న ఎనిమిదింటికి మోసుకెళ్ళి పరచడం, పదకొండింటికి ఒక పక్కకి, ఒంటిగంటకి ఇంకో పక్కకి, మూడింటికి మళ్ళీ మొదటి పక్కకి దొర్లించడం, అయిదింటికి లెక్కపెట్టి దింపడం. దీనికి మనుషులు కావాలి కదా. డివిజనులో లస్కర్లు ఇరవై ఇద్దరు. ఇరవై ఒక్కరిని డాబా ఎక్కించారు. ఇర్మియాని ఎక్కించలేదు. పాత సెల్లుల బాకీ తీర్చనివాడు వారసత్వ సెల్లుల్ని తాకడం ఉచితం కాదన్నారు ఈఈ గారు. అలా మొత్తం కాలవ మీద ఒక్క మనిషి మిగిలాడు, వాడి టార్చిలో సెల్లులు లేవు.

కాకులు మెరిసే రేకులకి ఆశపడి వచ్చేవి. కాకుల్ని తోలడానికి ఒక దిష్టిబొమ్మ చేయించారు. దానికి ఎవరి చొక్కా తొడగాలనే విషయం మీద రెండు నోట్లు నడిచి, చివరికి ఖాళీగా ఉన్న కరెంటు పోస్టుకి ఎప్పుడో కుట్టించిన యూనిఫారం తొడిగారు. మబ్బు కనిపించిన క్షణాన గంట కొట్టేవాళ్ళు. ఇరవై ఒక్కరూ, మేమూ, ఈఈ గారూ కూడా, అప్పడాలు ఎత్తినట్టు సెల్లులు ఒళ్ళో వేసుకుని మెట్లు దిగేవాళ్ళం. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నాకు భలే సరదాగా ఉండేది. పందొమ్మిదేళ్ళుగా నేను చీకట్లో దాచిన వాటికి గాలి తగులుతోందని సంబరపడ్డాను.

తొమ్మిదో రోజున అద్భుతం జరిగింది. అరవై రెండో సంవత్సరం ఏనుగు సెల్లుకి తీగలు పెడితే బల్బు లోపలి వెంట్రుకంత తీగ ఎర్రబడింది. నేను లెక్కపెట్టాను, నాలుగు అంకెలు. తర్వాత ఆరిపోయింది. లస్కర్లు చప్పట్లు కొట్టారు. ఫల్గుణమూర్తి గారు చిదంబరరావు గారిని కౌగిలించుకున్నారు. జిల్లా పత్రికలో 'ముప్ఫై ఏళ్ళ తర్వాత కళ్ళు తెరిచిన ఏనుగు' అని వేశారు.

ఆ వార్త పై ఆఫీసు వాళ్ళు చదివారు. మూడు రోజుల్లో ఉత్తర్వు: 'పాత సెల్లులే వెలుగుచుండగా కొత్తవి ఇచ్చుట దుబారా. ఇకపై ఎవ్వరికిని కొత్త సెల్లులు జారీ చేయరాదు.' నా బీరువాలో అప్పటికి ఇరవై నాలుగు కొత్త సెల్లులు ఉన్నాయి. కాగితం కూడా విప్పలేదు.

ఇర్మియా ప్రతి శనివారం వచ్చేవాడు. వరండాలో నా బల్ల పక్కన నిలబడి, "ఏవైందండి?" అనేవాడు. "పరిశీలనలో ఉంది" అనేదాన్ని. మొదట్లో ఆ మాట బింకంగానే వచ్చేది. ఆగస్టు వచ్చేసరికి రిజిస్టరు వంక చూస్తూ అనేదాన్ని.

"పోనీండి. ఈఈ గారితో ఒక్క మాట సెప్పండి. ఏడో మైలు కాడ గట్టుకి ఇటేపు చెమ్మ ఊరతందండి. పగలు చూత్తే చెయ్యంత ఉంది. పొద్దుగూకాక ఎంతవుతందో ఆ దేవుడికే ఎరిక. ఆ కింద మా ఇళ్ళు నలభై ఉన్నాయండి."

చెప్పాను. నోటు కూడా పెట్టాను. ఈఈ గారు డాబా మీదికి చూసి, ప్రసన్నంగా, "ఎండలు బాగున్నవి కదండీ. గట్టును ఆరనివ్వండి" అన్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేకపోయాను. ఏమైందని మా ఆయన అడిగితే, "నలభై ఇళ్ళు ఏ అరలో పెట్టాలో తెలీడం లేదు" అన్నాను. ఆయనకి అర్థం కాలేదు.

సెప్టెంబరులో ప్రారంభోత్సవం పెట్టారు. ఉదయం పదింటికి రావలసిన ముఖ్య అతిథి గారు పొద్దుగూకే వేళకి వచ్చారు. పెద్ద పదవిలో ఉన్నవారు, పొట్టిగా, గంభీరంగా ఉన్నారు. బయట ఈదురుగాలి, జల్లు. హాల్లో పదకొండు వేల సెల్లులు మెట్లు మెట్లుగా, నడుమ పీఠం మీద ఏనుగు సెల్లు, దాని వెనక నల్లబల్ల. గుమ్మానికి అడ్డంగా ఎర్ర రిబ్బను. జల్లు పడుతోందని అందరం పక్క తలుపులోంచి ముందే లోపలికి చేరాం. ఫల్గుణమూర్తి గారు మైకు అందుకున్నారు.

"ఈ మహామందిరంలో నిద్రాణమై ఉన్న వెలుగు..."

కరెంటు పోయింది.

కరెంటు పోవడం మాకేం కొత్త కాదు, వస్తుందిలే అని ఊరుకున్నాం. అది రాలేదు. చీకట్లో ముఖ్య అతిథి గారి గొంతు వినిపించింది.

"ఇన్ని వేల బ్యాటరీలు పెట్టుకుని, ఒక్క లైటు లేదటయ్యా?"

ఎక్కడో చిటుక్కు చిటుక్కుమని చప్పుడు. ఫల్గుణమూర్తి గారు బల్బు, తీగలు పట్టుకుని ఒక్కొక్క సెల్లునీ వరసగా పరీక్షిస్తున్నారు. ఈఈ గారు నా వైపు, అంటే నేనున్నానని తాను అనుకున్న వైపు తిరిగారు.

"హైమావతి గారూ, ఆఫీసు టార్చి తెచ్చాను. కొత్త సెల్లులు మూడు ఇవ్వండి. అత్యవసరము."

"పాతవి ఇప్పించండి సార్" అన్నాను.

ఎగతాళికి అన్నది కాదు, ఒట్టు. పందొమ్మిదేళ్ళ అలవాటు, నోట్లోంచి దానంతటదే వచ్చేసింది.

"ఇచ్చట పదకొండు వేలు కలవు కదండీ."

"అవన్నీ జమ అయినవి సార్. జమ అయినదాన్ని మళ్ళీ జమ చేసుకోకూడదు."

"అవునవును" అన్నారు ఈఈ గారు బాధగా. ఆ రూలు ఆయనకీ తెలుసు.

అప్పుడు బయట సైకిలు పడిన చప్పుడైంది. ఎవరో రిబ్బను కింద నుంచి దూరి లోపలికి వచ్చారు. బురద వాసన వేసింది.

"అమ్మగారండి, ఏడో మైలు కారతందండి. ఊరోళ్ళందరూ ఇసక బస్తాలు మోసుకొచ్చేసారండి. ఎక్కడ వెయ్యాలో కనపడతం లేదు. లాంతర్లు గాలికి నిలబడతం లేదండి."

ఇర్మియా అరవలేదు. శనివారం అడిగే గొంతుతోనే చెప్పాడు. మూడు నెలలుగా ఆ మనిషి అడుగుతున్నది మూడు సెల్లులు, నేను చెబుతున్నది ఒకే మాట. సిగ్గుతో చచ్చిపోయాను.

నా బీరువా హాలు మూలనే ఉంది, వెతుక్కోనక్కర్లేదు. ఆ గదిలో నాకు దీపం ఎప్పుడూ అవసరం లేదు. తాళం తీశాను. కాగితం చించాను. మూడు సెల్లులు చేతిలోకి తీసుకున్నాను. కొత్త సెల్లు ఎంత బరువుగా ఉంటుందో మర్చిపోయాను.

"ఇటు, ఇటు" అన్నారు ఈఈ గారు. చీకట్లో రెండు చేతులు నా వైపు చాచి ఉన్నాయి. ఒకటి మెత్తగా ఉంది, ఉంగరం తగిలింది. రెండోది బురదగా ఉంది. ఆ బురద చేతిలో పెట్టాను.

"అది ఎవరికి ఇచ్చారండీ?"

"పాతవి జమ చేసినాయనకి సార్. మీరే రాశారు, ఏ రూపంలో ఉన్నా జమ చేసుకొమ్మని. ఆయన బల్ల మీ వెనకే ఉంది."

టార్చి మూత తిప్పిన చప్పుడు. క్లిక్కుమంది. ఒక్క క్షణం హాలంతా పట్టపగలైపోయింది. కత్తెర పట్టుకుని నిలబడ్డ ముఖ్య అతిథి గారు, చెయ్యి చాచి ఉన్న ఈఈ గారు, నేల మీద కూర్చుని రెండు తీగలు పట్టుకున్న ఫల్గుణమూర్తి గారు. అందరి వెనక నల్లబల్ల మీద గుండ్రటి అక్షరాలు: ఆలస్యం అమృతం విషం. అందరూ ఒకసారి చదివారు. అంతే, ఆ వెలుగు గుమ్మంలోంచి బయటికి వెళ్ళిపోయింది.

"సంతకం తరవాత పెడతానండి" అని వరండాలోంచి వినిపించింది.

"పరవాలేదు, నువ్వెళ్ళు" అన్నాను. సర్వీసులో నేనా మాట అనడం అదే మొదలు.

డాబా ఎక్కే ఇరవై ఒక్క మంది లస్కర్లూ ఒకరి తర్వాత ఒకరు ఆ వెలుగు వెంట వెళ్ళిపోయారు. ముహూర్తం దాటకూడదని ముఖ్య అతిథి గారు చీకట్లోనే రిబ్బను కత్తిరించారు. తర్వాత చూస్తే తెగింది రిబ్బను కాదు, ఫల్గుణమూర్తి గారి కళ్ళజోడు తాడు. బయటికి వస్తూ సెల్లుల మెట్టుకి కాలు తగిలి, మూడు వేల సెల్లులు దొర్లిన పిమ్మట ముఖ్య అతిథి గారు ఏమన్నారో నేను రాయలేను. ఆ మాటల్లో మర్యాదైనది ఒకటే: లస్కర్లకి రేపటి నుంచి కొత్త సెల్లులు ఇచ్చి చావండి. అదే ఉత్తర్వు అయింది.

గట్టు నిలిచింది. ఏడో మైలు దగ్గర తెల్లవారేదాకా రెండు వందల పైగా బస్తాలు వేశారు. నలభై ఇళ్ళల్లో ఒక్క గుమ్మం తడవలేదు. నేను మర్నాడు వెళ్ళి చూసి వచ్చాను. ఇర్మియా పెళ్ళాం నాకు మజ్జిగ ఇచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఇర్మియా ఆఫీసుకి వచ్చి మూడు పాత సెల్లులు నా బల్ల మీద పెట్టాడు. మూడూ అయిపోయాయి. రిజిస్టరులో పదకొండు వేల నాలుగు వందల పదిహేను అని రాసి, కొత్తవి మూడు ఇచ్చాను. సెల్లులు వచ్చేశాయి కాబట్టి నల్లబల్ల ఇక అదనపు వస్తువు. అదనపు వస్తువు స్టోర్సులో ఉండటం పెద్ద నేరం. శాసనం పోతోందని ఫల్గుణమూర్తి గారు గుమ్మానికి అడ్డం నిలబడ్డారు. రూలు చూపించి, బల్లని ఇర్మియా సైకిలుకి నేనే కట్టాను.

పది రోజులకి నాకూ, ఇర్మియాకీ మెమోలు వచ్చాయి. నాది తేలిక, ఈఈ గారి రాతనే ఆయనకి జవాబుగా పంపించాను. ఇర్మియాది గట్టిది: 'మూడు సెల్లుల నిర్ణీత ఆయుర్దాయము నలభై అయిదు రోజులు కాగా, సదరు లస్కరు వాటిని ఒక్క రాత్రిలోనే వ్యయపరచినాడు. సంజాయిషీ ఇవ్వవలెను.'

ఇర్మియాకి చదువు తక్కువ. కాగితం పట్టుకుని నా దగ్గరికే వచ్చాడు. తుండుగుడ్డ భుజం మీదే ఉంది.

"ఏం రాయమంటావు?" అన్నాను.

"నీళ్ళు ఆగేదాకా ఎలిగించానని రాయండి."

రాశాను. "ఇంకా?"

కన్ను చికిలించి గట్టు వంక చూశాడు.

"నీళ్ళు ఆగినాకే అయ్యీ ఆగిపోయాయని రాయండి."

అదీ రాశాను. కింద సంతకం పెట్టించాను. తర్వాత రిజిస్టరు తెరిచి, ప్రారంభోత్సవం నాటి సాయంత్రం బాకీ పడ్డ సంతకం కూడా పెట్టించుకున్నాను.